నల్లపూసలు... అక్కడా, ఇక్కడా

నల్లపూసలంటే మనకి ఐదోతనం. పెళ్ళయిన పిల్ల మెడలో పసుపుతాడు పక్కన నల్లపూసలు కనపడితే పెద్దవాళ్ళు ‘చల్లగా ఉండు తల్లీ’ అని దీవిస్తారు. చాన్నాళ్ళుగా కనపడని మనిషిని ‘నల్లపూసైపోయావే!’ అని దెప్పుతాం. అలాంటి నల్లపూసల్ని భర్త పోయాక మెడలో వేసుకునే ఆడవాళ్ళు ఉండేవారని వింటే నాకు ఒక పట్టాన మింగుడు పడలేదు. మన దగ్గర భర్త ఉన్నాడని చెప్పే పూసలు, వాళ్ళ దగ్గర భర్త లేడని చెప్పేవి.

ఆ దేశం ఇంగ్లండు. కిందటేడు అమ్మాయి పురిటికని లీడ్స్ వెళ్ళి ఆర్నెల్లు ఉన్నాను. పసిదానికి మూడో నెల వచ్చాక, ఎండ కాసిన ఓ శనివారం నాడు అల్లుడు అందర్నీ కారెక్కించి విట్బీ అనే ఊరికి తీసుకెళ్ళాడు. ఉత్తర సముద్రం ఒడ్డున చిన్న రేవు ఊరు. కొండమీద పాడుబడిన పాత మఠం, దాని పక్కనే చర్చి. అక్కడికి వెళ్ళాలంటే 199 మెట్లెక్కాలి. ‘‘మీరు ఎక్కలేరులెండి అత్తయ్యగారూ’’ అని అల్లుడు నన్నూ అమ్మాయినీ కింద మ్యూజియంలో దింపేసి తనొక్కడే పోయాడు. అదీ ఒకందుకు మంచిదే అయింది.

ఆ మ్యూజియంలో అద్దాల బీరువాల నిండా నల్లటి నగలు. గుండ్రటి పూసల దండలు, గొలుసులు, గాజులు, చెవులకి లోలకులు, చీరకి పిన్నులా జాకెట్టుకి గుచ్చుకునే బ్రోచ్‌లు. అన్నీ నలుపే. చావు తర్వాత మైల పాటించే రోజుల్లో వేసుకోవడానికి చేసిన నగలివి. ‘సంతాప నగలు’ అనుకోవచ్చు. అమ్మాయి చీటీలు చదివి చెబుతుంటే వింటూ నిలబడిపోయాను.

రాయి కాదు, చెట్టు

ఆ నల్లటి పదార్థం పేరు జెట్. చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ అది ఒకప్పటి చెట్టు. మన దగ్గర క్రిస్మస్ చెట్టని తోటల్లో పెంచే అరకేరియా ఉంది చూశారూ, ఆ జాతి చెట్లు 18 కోట్ల ఏళ్ళ కిందట నీళ్ళలో కొట్టుకొచ్చి, సముద్రం అడుగు బురదలో కూరుకుపోయి, పైబరువుకి నలిగి నలిగి ఇలా మారాయి. అందుకే చేతిలో పెట్టుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటుంది. గాజులా చల్లగా తగలదు, కాస్త వెచ్చగానే ఉంటుంది. ఉన్నిబట్ట మీద రుద్దితే, మనం చిన్నప్పుడు దువ్వెనతో ఆడుకున్నట్టే, చిన్న చిన్న కాగితం ముక్కల్ని లాక్కుంటుంది. అసలుదో కాదో తేల్చుకోవాలంటే నునుపు చెయ్యని పింగాణీ ముక్కమీద గీస్తారు. మనిషి నలుపు, గీత మాత్రం గోధుమ రంగు.

విట్బీ చుట్టుపక్కల సముద్రపు కొండచరియల్లో చిన్న చిన్న సొరంగాలు తవ్వి దీన్ని తీసేవారు. ఊళ్ళో కార్ఖానాల్లో సాన చక్రాలమీద అరగదీసి, పువ్వులూ ఆకులూ చెక్కి, చివర్లో ఎర్రటి పొడితో మెరుగు పెట్టేవారు. ఆ పొడి ఒళ్ళంతా పడి పనివాళ్ళు ఎర్ర దయ్యాల్లా బయటికొచ్చేవారట. 1800ల మొదట్లో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది చేసిన పని, 1870లు వచ్చేసరికి ఆ చిన్న ఊళ్ళో వెయ్యిమందికి పైగా జీవనాధారం అయింది.

ఇంత గిరాకీ ఎందుకు పెరిగిందంటే దానికో కథ ఉంది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరు 14న కన్నుమూశాడు. ఇద్దరిదీ ఒకటే ఈడు. అప్పటికి 42 ఏళ్ళు. ఆ రోజున నల్లబట్టలు కట్టుకున్న రాణి 1901 జనవరిలో తను పోయేదాకా వాటిని విడవలేదు. నగల్లో మొదట జెట్‌కే చోటు. రాణి ఎలా ఉంటే కొలువులో ఆడవాళ్ళూ అలాగే, కొలువులో ఎలా ఉంటే ఊళ్ళో కలిగినవాళ్ళూ అలాగే. జెట్ కొనలేనివాళ్ళ కోసం నల్ల గాజుతోనూ, గట్టిపరిచిన రబ్బరుతోనూ, ఐర్లండు చిత్తడి నేలల్లో దొరికే నల్లటి ఓక్ చెక్కతోనూ అచ్చం అలాంటివే చేసి అమ్మారు. రబ్బరుతో చేసినవి కొన్నాళ్ళకి ఎండ తగిలి గోధుమరంగుకి తిరిగేవి. దుఃఖంలోనూ గిల్టు నగలన్నమాట!

రాణిగారితోనే ఈ ఆచారం పుట్టిందనుకోకండి. అంతకు చాలా ముందునుంచీ ఉంది. పోయేవాళ్ళు తమ పేరున ఉంగరాలు చేయించి ఇవ్వమని వీలునామాలో రాసిపెట్టేవారు. షేక్‌స్పియర్ 1616లో రాసిన వీలునామాలో తనతోపాటు నాటకాలాడిన ముగ్గురికి ఉంగరాలు కొనుక్కోమని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. దినచర్య రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ పెపిస్ 1703లో పోయినప్పుడు బంధుమిత్రులకి పంచిన ఉంగరాలు వందకు పైనే. అందరికీ ఒకే ఖరీదువి కాదు, మనిషిని బట్టి ఉంగరం. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయిన నెల్సన్ పేరున దగ్గరివాళ్ళకోసం 58 ఉంగరాలు చేయించారు.

ఇది వినగానే నాకు మా ఇంటి అటక గుర్తొచ్చింది. దానిమీద స్టీలు గిన్నెలు, టిఫిన్ డబ్బాలు, మరచెంబులు బోలెడున్నాయి. ఒక్కోదాని మీద చుక్కచుక్కలుగా కొట్టిన అక్షరాలు: ‘కీ.శే. ఫలానావారి జ్ఞాపకార్థం’, కింద తేదీ. పెదనాన్నగారి సంవత్సరీకానికి ఇచ్చిన గిన్నెలో ఇప్పటికీ పెరుగు తోడుపెడుతుంటాను. పోయిన మనిషి పేరు పదిమంది ఇళ్ళలో నిలవాలన్న కోరిక ఆ ఉంగరానిదీ ఈ గిన్నెదీ ఒకటే. కాకపోతే వాళ్ళది వేలికి, మనది వంటింటికి.

పుర్రె నుంచి పువ్వు దాకా

ఈ నగలకో భాష ఉంది. తెలిస్తే ఎవరికోసం, ఏ కాలంలో చేశారో చదివెయ్యొచ్చు. అన్నిటికన్నా పాతవి, అంటే 1600ల నాటివి, చూస్తే భయమేస్తుంది. పుర్రె, ఎముకలు, శవపేటిక, ఇసుక గడియారం. ‘నువ్వూ పోతావు, గుర్తుంచుకో’ అని పెట్టుకున్నవాళ్ళని హెచ్చరించడమే వాటి పని. 1649లో మొదటి చార్లెస్ రాజు తల నరికించాక, ఆయన పక్షం వాళ్ళు రాజు బొమ్మ ఉన్న ఉంగరాలు పెట్టుకున్నారు. అప్పుడది దుఃఖమే కాదు, ఏ పక్షమో చెప్పుకునే గుర్తు కూడా.

వందేళ్ళు తిరిగేసరికి పుర్రెలు పోయాయి. 1700ల చివర్లో దంతం ముక్కమీద చిన్న బొమ్మలు గీసేవారు. సమాధి దగ్గర తల వాల్చి కూర్చున్న స్త్రీ, పైన అస్థికలు ఉంచే కలశం, పక్కన కొమ్మలు నేలకి వాల్చుకున్న విల్లో చెట్టు. బొమ్మ ఇప్పుడు పోయినవాళ్ళని కాదు, మిగిలినవాళ్ళని చూపిస్తోంది. నాకు ఇదే పెద్ద మార్పనిపించింది. చావు గురించి చెప్పే నగ కాస్తా, ఏడుపు గురించి చెప్పే నగ అయింది.

విక్టోరియా కాలానికి ఆ భాష ఇంకా మెత్తబడింది. చిన్న చిన్న ముత్యాలుంటే అవి కన్నీళ్ళు. సగంలో విరిగిన స్తంభం ఉంటే మధ్యలో తెగిపోయిన ఆయుష్షు. నీలిరంగు బుల్లి పువ్వులుంటే ‘మరిచిపోకు’ అని. చెట్టుకి అల్లుకున్న తీగె ఉంటే విడవని ప్రేమ. తోక నోట్లో పెట్టుకున్న పాముంటే, మొదలూ చివరా లేనిదని. మనకి పాము అనగానే సుబ్బారాయుడూ, నాగులచవితీ గుర్తొస్తాయి. వాళ్ళకి అది శాశ్వతత్వం. ఆల్బర్ట్ రాణికి పెట్టిన నిశ్చితార్థపు ఉంగరమే పాము ఆకారంలో ఉండేది.

ఉంగరం చుట్టూ నల్ల ఎనామిల్ పూసి మధ్యలో పేరు, తేదీ, వయసు బంగారు అక్షరాల్లో రాయించడం మామూలు. నలుపు బదులు తెల్ల ఎనామిల్ ఉందనుకోండి, పోయింది పసిబిడ్డో పెళ్ళికాని పిల్లో అన్నమాట. వయసు దగ్గర ఏళ్ళకి బదులు నెలలు రాసి ఉన్న ఉంగరాలున్నాయి. అది చదివి అమ్మాయి చీటీల మీంచి చూపు తిప్పేసుకుని, తోపుడుబండిలో నిద్రపోతున్న పిల్లకి దుప్పటి సర్దింది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

వెంట్రుకలతో నగలు

ఆ రోజు నన్ను బాగా ఇబ్బంది పెట్టినవి మాత్రం జుట్టుతో చేసినవి. లాకెట్ వెనకాల అద్దం కింద చిన్న జడపాయ. బ్రోచ్ మీద వెంట్రుకల్ని అతికించి చేసిన పూలగుత్తి. కొన్నయితే గొలుసు మొత్తం వెంట్రుకలే. పోయినవాళ్ళవి.

మన సంగతి తెలిసిందే కదా. అన్నంలో వెంట్రుక వస్తే విస్తరి ముందునుంచి లేచిపోతాం. దువ్వెనకి చుట్టుకున్న జుట్టుని ఉండ చుట్టి పారేస్తాం. దేవుడికిచ్చినా మొక్కు తీర్చుకుని వదిలేసుకోవడమే, దాచుకోవడం ఉండదు. మెడలో వేసుకోవడమా?

ఎలా చేసేవారో చదివాక ఆ వెగటు కొంత తగ్గింది. జుట్టుని ముందు సోడా కలిపిన నీళ్ళలో మరిగించి జిడ్డు పోగొట్టేవారు. పొడవుల వారీగా ఏరి, కొన్ని కొన్ని వెంట్రుకల్ని ఒక్కో పాయగా లెక్కపెట్టి కట్టేవారు. మధ్యలో బెజ్జం ఉన్న గుండ్రటి బల్ల చుట్టూ ఆ పాయల్ని వేలాడదీసి, ప్రతిదానికీ చివర సీసపు గుండు కట్టి, ఒకదాని మీంచి ఒకటి దాటిస్తూ తాడు పేనినట్టు అల్లుకుంటూ పోయేవారు. రోజులు పట్టే పని. కంసాలికిస్తే మనవాళ్ళ జుట్టు వాడతాడో, ఇంకెవరిదో వాడతాడో అని అనుమానం. అందుకని చాలామంది ఆడవాళ్ళు ఇంట్లోనే నేర్చుకుని చేసుకునేవారు. నేర్పే పుస్తకాలు కూడా వచ్చాయి.

ఆలోచిస్తే వాళ్ళ లెక్క అర్థమవుతుంది. మనిషి ఒంట్లో అంత తొందరగా పాడవకుండా, రంగు మారకుండా మిగిలేది జుట్టే. ఫొటోలు అందరికీ అందుబాటులోకి రాని రోజుల్లో, పోయిన మనిషి తాలూకు నిజమైన తునక అదొక్కటే. మనవైపు కొన్ని ఇళ్ళలో పోయినవాళ్ళ పాదాలకి పసుపో పారాణో రాసి తెల్లబట్ట మీద అడుగులు అద్ది దాచుకుంటారు. వాళ్ళు జుట్టు దాచుకున్నారు, మనం పాదాలు దాచుకున్నాం. తరవాత ఫొటోలొచ్చాయి. వాళ్ళ లాకెట్లలో జుట్టు పక్కన ఫొటో చేరింది, మన గోడమీద పటానికి దండ పడింది.

వేసుకోవడం, తీసెయ్యడం

అంత వివరంగా రాసుకున్న ఆచారం మోత మోసింది మాత్రం ఆడవాళ్ళే. విక్టోరియా కాలపు మర్యాద పుస్తకాల ప్రకారం భర్త పోతే రెండున్నరేళ్ళ మైల. మొదటి ఏడాదీ ఒక రోజూ మెరుపు లేని క్రేప్ బట్టలు. నగ పెట్టుకున్నా మెరుగు పెట్టని జెట్టే పెట్టుకోవాలి. తరవాత కొంచెం కొంచెంగా సడలింపు. చివర్లో బూడిద రంగు, లేత ఊదా బట్టలు, ముత్యాలు, ఊదారంగు రాళ్ళు. ఇవన్నీ ఒక్కచోటే దొరికేలా లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 1841లోనే పెద్ద దుకాణం వెలిసింది. అదే భార్య పోతే మగవాడికి కొన్ని నెలలు, టోపీకో చేతికో నల్లపట్టీ, అంతే. ఆడవాళ్ళు ఏ రోజు ఏ రంగు కట్టారో, ఎంత తొందరగా నగ మార్చారో చూసి ఊరు లెక్కలు కట్టేది.

విట్బీలో సాన చక్రాలు తిరుగుతున్న ఆ కాలంలోనే, మన రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన ఎన్ని తిట్లు తిని, ఎంత కాపలా మధ్య ఆ పెళ్ళి చేయించారో చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. అక్కడ విధవరాలి మెడలో నల్లపూసలు వేస్తున్నారు. ఇక్కడ అవే నల్లపూసలు మెడలోంచి తీసేస్తున్నారు. ఒకచోట ఆచారం నగ ఇచ్చింది, ఒకచోట ఆచారం నగ లాక్కుంది. రెండుచోట్లా ఆమెని అడిగినవాళ్ళు లేరు.

అయినా ఒక్క తేడా నన్ను వదల్లేదు. అక్కడి ఆవిడకి తన దుఃఖానికో వస్తువు ఉంది. దానిమీద ఆయన పేరుంది. ఎవరైనా ‘ఇదేమిటి’ అనడిగితే ఆయన గురించి రెండు మాటలు చెప్పుకోవచ్చు. బోసి మెడని చూసి ఎవరూ ఏమీ అడగరు. చూపు తిప్పుకుంటారు. శుభకార్యంలో ఎదురురాకుండా ఉంటే చాలనుకుంటారు.

మా నాన్నగారు 1994లో పోయారు. పదోరోజున పెద్దవాళ్ళంతా అమ్మని లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. ఎవరో ముందుకొచ్చి మెడ మీద చెయ్యి వెయ్యబోతే అమ్మ ఆగమంది. ‘‘మీరెవరూ ముట్టుకోకండి. కట్టినాయన లేడు. తీసేదాన్ని నేనున్నాను’’ అంది. తనే కొక్కెం విప్పుకుని నల్లపూసలు తీసింది. తెల్లగుడ్డలో చుట్టి, ఖాళీ కుటికూరా పౌడరు డబ్బాలో పెట్టింది. ఆ తరవాత ఇరవై అయిదేళ్ళు బతికింది. ఆ డబ్బా బీరువాలో పైఅరలోనే ఉంది. అమ్మ దాన్ని తెరవగా నేను చూళ్ళేదు. అలాగని ఎవర్నీ పారెయ్యనివ్వనూ లేదు.

అమ్మ పోయాక నగలు పంచుకున్నాం. మనకి బంగారం ఆగదు కదా, కరుగుతూ పోతుంది. నానమ్మ కాసులపేరు అమ్మకి గాజులైంది, అమ్మ గాజులు నాకూ తమ్ముడికీ తలా కొంత అయ్యాయి. నల్లపూసల దండలో తొమ్మిది బంగారు గుండ్లుంటే కంసాలి దారం తెంపి, గుండ్లు తూకానికి తీసుకుని, పూసల్ని కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. గుండ్లు నా మేనకోడలి జుంకాల్లో కలిశాయి. పొట్లం చూసి తమ్ముడి భార్య ‘‘అవెందుకు వదినా, గోదావరిలో కలిపేద్దాం’’ అంది. ఆ పిల్ల అన్నదాంట్లో చెడ్డ ఉద్దేశం లేదు. అందరిళ్ళలో జరిగేదే అంది. నేనే ఊరుకోలేక పొట్లాన్ని మళ్ళీ ఆ పౌడరు డబ్బాలోనే పెట్టి తెచ్చుకున్నాను.

కరిగించడం తప్పని నేననను. ‘ఇది మీ నాయనమ్మ గాజుల బంగారమే’ అని చెబితే పిల్లలు చెయ్యి పైకెత్తి చూసుకుని మురుస్తారు. వస్తువు మారినా బంగారం ఒంటిమీద తిరుగుతూనే ఉంటుంది. బీరువాలో మగ్గడం కన్నా అదే నయమేమో. కాకపోతే చెప్పేవాళ్ళుండాలి. రెండు తరాలు దాటితే జుంకాల్లో ఏ గుండ్లు కలిశాయో ఎవరికి తెలుస్తుంది?

అక్కడా అంతే. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఇంటికొకరు పోయేసరికి అంత మైల ఎవరు పాటిస్తారని ఆ ఆచారాలే వెనకబడ్డాయి. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని ఉంగరాలూ లాకెట్లూ పాత సామాన్ల కొట్లకి చేరాయి. విట్బీలో సందు చివరనున్న అలాంటి కొట్లో ఓ బ్రోచ్ చూశాం. అద్దం కింద గోధుమరంగు జడపాయ. వెనక పేరు లేదు, తేదీ లేదు. అదే పెట్టెలో ఇంకో ఉంగరానికి లోపలివైపు పేరూ, తేదీ, వయసూ ఉన్నాయి. ఖరీదు దానికే ఎక్కువ చెప్పాడు కొట్టాయన. పేరున్న జుట్టు ఒకప్పుడు ఎవరో ఒక మనిషి. పేరులేని జుట్టు ఉత్త జుట్టు.

ఇంటికొచ్చాక పౌడరు డబ్బా తీశాను. పూసలు లెక్కపెట్టాను, నూట నలభై మూడు. వాటిని మళ్ళీ గుచ్చడానికి దారం కొన్నాను కానీ ఇంకా గుచ్చలేదు. ముందు మాత్రం ఓ మందపాటి కాగితం తీసుకుని, చెరిగిపోని సిరాతో అమ్మ పూర్తి పేరు రాశాను. పెళ్ళయిన సంవత్సరం 1958. నాన్నగారి పేరు. ఆ కింద 1994 నాటి తేదీ రాసి, ‘ఆ రోజు ఈ పూసలు తనే తీసుకుంది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు’ అని రాసి, మడిచి డబ్బాలో పెట్టాను.